యూనియన్ గుర్తింపు ఓటింగ్‌పై కార్మిక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

మా వినతిపత్రాలకు జవాబు రాలేదు కనుక అందరి ముందూ అడుగుతున్నాం.

యూనియన్ల బలాన్ని సంతకాలతో తేల్చవద్దు. ఆ కాగితం ఎవరి చేతికి చేరుతుందోనన్న భయంతో కొందరు వెనక్కి తగ్గుతారు, ఒత్తిడికి లొంగి కొందరు రెండు యూనియన్లకూ సంతకం పెడతారు. రహస్య బ్యాలెట్టే సరైన దారి.

అయితే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక యూనియన్‌గా గుర్తింపు పొందాలంటే 51 శాతం మద్దతు కావాలి. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ (కార్మిక చట్టం) ఆ 51 శాతాన్ని పోలైన ఓట్లలో కాదు, మస్టర్ రోల్‌లో, అంటే కార్మికుల హాజరు పట్టీలో ఉన్న మొత్తం పేర్లలో లెక్కిస్తుంది. 1000 మందిలో 800 మంది ఓటేసి, 500 మంది ఒకే యూనియన్‌ను కోరినా దానికి ఏకైక చర్చల హోదా దక్కదు. రాత్రి షిఫ్టు అలసటతో రాలేనివారు కూడా వ్యతిరేకించినట్టే లెక్క. వేతన ఒప్పందం ఆలస్యమైతే ఆ భారం మోసేది కార్మికుల కుటుంబాలే.

కాబట్టి మస్టర్ రోల్‌ను ముందే నోటీసు బోర్డులో పెట్టించి అభ్యంతరాలు స్వీకరించండి. మూడు షిఫ్టులకూ పోలింగ్ జరపండి. యాజమాన్య ప్రతినిధులను బూత్‌కు దూరంగా ఉంచండి. పోలింగ్ తేదీని లిఖితపూర్వకంగా ప్రకటించండి.

ఇట్లు,
కార్మికులు