చీటీలు మార్చిన టీచర్ని నేను

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం ఏదో పోషకాల పొడి తాగిన పిల్లలు తాగనివాళ్లకంటే బాగా బరువు పెరిగారని మీ ఆరోగ్యం పేజీలో వార్త వేశారు. ఫొటో ఉంది, డాక్టర్ గారి మాటలున్నాయి, శాతాలున్నాయి. తాగేవాళ్లనీ తాగనివాళ్లనీ ఎవరు విడదీశారు, ఎలా విడదీశారు, మొదటిరోజు రెండు గుంపుల బరువులూ ఎంతెంత అన్న ముక్క మాత్రం ఎక్కడా లేదు. నేను వెతికింది ఆ ముక్క కోసమే. ఎందుకంటే ఆ విడదీసే పనిని ఒకప్పుడు నేనే చెడగొట్టాను.

ముప్పై ఏళ్ల కిందటి మాట, అప్పుడు నేను హైస్కూల్లో సైన్స్ టీచర్ని. ఒక కాలేజీ వాళ్లొచ్చి ఆడపిల్లల రక్తహీనత మీద చిన్న ట్రయల్ పెట్టారు. సగం మందికి ఐరన్ మాత్రలు వెంటనే, మిగతా సగానికి మూణ్ణెల్ల తర్వాత. పేర్లు చీటీల మీద రాసి స్టీలు డబ్బాలో వేసి నన్నే తీయమన్నారు. ఎనిమిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది, ప్రేయర్‌లో నిలబడలేక రెండుసార్లు కూలబడింది, ఆ పిల్ల చీటీ రెండో గుంపులో పడింది. నాకు మనసొప్పలేదు. బొద్దుగా, ఎర్రగా ఉన్న ఇంకో అమ్మాయి చీటీతో మార్చేశాను. ఒకటితో ఆగలేదు, అలా నాలుగైదు మార్చాను, పైగా పుణ్యం చేశాననే అనుకున్నాను. ఖర్చవుతుందని మొదటిరోజు రక్తపరీక్షలు చేయలేదు. మూణ్ణెల్లయ్యాక చేస్తే మాత్రలు మింగినవాళ్ల హిమోగ్లోబిన్ మింగనివాళ్లకంటే పెద్దగా ఎక్కువేం లేదు. వచ్చినవాళ్లు బుర్ర గోక్కుంటూ వెళ్లిపోయారు. నీరసంగా ఉన్నవాళ్లని ఏరి ఒకవైపు చేర్చింది నేను, వాళ్లు ఎంత పుంజుకున్నా అవతలివాళ్ల పక్కకి వచ్చి నిలబడ్డారంతే.

ఇది మా అమ్మాయికి చెబితే (హైదరాబాదులో మందుల ట్రయల్స్ డేటా చూసే ఉద్యోగం తనది) నవ్వి, "నువ్వు ఒక్కడివే కాదులే నాన్నా" అని స్కాట్లాండు పాల కథ చెప్పింది. 1930లో లానార్క్‌షైర్ అనే చోట 67 స్కూళ్లలో 20,000 మంది పిల్లలతో నాలుగు నెలలు నడిపారు. 10,000 మందికి రోజూ ముప్పావు పింటు పాలు, అంటే మన లెక్కలో అరలీటరుకి కాస్త తక్కువ, మిగతా 10,000 మందికి ఏమీ లేదు. పిల్లల్ని లాటరీతోనో అక్షరక్రమంతోనో విడదీయాలి, కానీ ఒక గుంపులో మరీ బలంగా ఉన్నవాళ్లో మరీ బక్కవాళ్లో ఎక్కువైనట్టుంటే టీచర్లు సరిచేయొచ్చు అన్నారు. కొంప ముంచింది ఆ వెసులుబాటే. తీరా చూస్తే మొదట్లోనే పాలు తాగని గుంపు బరువులో మూడు నెలల ఎదుగుదలంత, ఎత్తులో నాలుగు నెలల ఎదుగుదలంత ముందుంది. మరుసటి ఏడాది దీన్ని దుమ్ము దులిపినాయన గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గోసెట్, "స్టూడెంట్" అనే మారుపేరుతో రాసేవాడు, రెండు గుంపుల సగటుల మధ్య తేడా నిజమైనదేనా అని చూసే టీ-టెస్ట్, డిగ్రీలో మనం చదివింది, ఈయనదే. టీచర్లు తెలియకుండానే పేదపిల్లల వైపు మొగ్గి, వాళ్లని పాలిచ్చే గుంపులో వేసి ఉంటారన్నాడు. ఇంకో మాట కూడా పట్టుకున్నాడు. మొదటి తూకం చలికాలంలో బట్టలతో, చివరి తూకం ఎండాకాలంలో బట్టలతో. ఉన్నవాళ్ల పిల్లలు ఉన్నికోట్లు విప్పేస్తే తూకం తగ్గుతుంది, లేనివాళ్లకి విప్పడానికి ఏముంది? అలా పాలు తాగని గుంపు పెరుగుదల ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఇంతమంది ఎందుకు, 50 జతల అచ్చుగుద్దిన కవలల్ని తీసుకున్నా ఇంతకంటే నమ్మకమైన జవాబు వచ్చేదన్నాడు.

అయితే చీటీలు నిజాయితీగా తీస్తే చాలా అంటే, చిన్న ట్రయల్‌కి చాలదు. 20 మందిలో ఆరుగురికి షుగర్ ఉందనుకోండి, పదేసి మందిగా చీటీలు తీస్తే అయిదుగురో ఆరుగురో ఒకేవైపు పడే అవకాశం దాదాపు ఏడింట ఒకటి. అందుకని షుగర్ ఉన్న ఆరుగురికీ విడిగా, లేని పధ్నాలుగు మందికీ విడిగా చీటీలు తీసి, ముగ్గురూ ముగ్గురు, ఏడుగురూ ఏడుగురు వచ్చేట్టు చేస్తారు. కొత్త సంగతేం కాదు, 1948లో అచ్చయిన, స్ట్రెప్టోమైసిన్ మందు క్షయకి పనిచేస్తుందా అని చూసిన ట్రయల్‌లోనే బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇంగ్లండు గణాంక నిపుణుడు ఆడవాళ్లకూ మగవాళ్లకూ, ఏ ఆస్పత్రికా ఆస్పత్రికి, వేరువేరు వరసలు తయారు చేయించి సీలు కవర్లలో పెట్టించాడు. తర్వాత రాబోయేది ఏ గుంపో చేర్చుకునే డాక్టరుకి తెలియకూడదు, అదీ కవరు ఎందుకంటే. నాలాంటి దయగల చేతులు అన్నిచోట్లా ఉంటాయి. అలాగని వయసు, షుగర్, బీపీ, బరువు, సిగరెట్ అన్నీ చూసి విడదీస్తే ఒక్కోదానికి రెండే అరలనుకున్నా 32 అరలవుతాయి, సగం అరల్లో మనుషులే ఉండరు. కాబట్టి ఫలితాన్ని గట్టిగా మార్చే ఒకటి రెండు విషయాలు చూసుకుని మిగతాది చీటీకి వదిలేయాలి. చీటీ నిజమైనదైతే మిగిలిన తేడా అదృష్టం వల్లే వచ్చిందని ముందే తెలుసు కదా, దానికి మళ్లీ పీ-వాల్యూ (ఉత్త అదృష్టం వల్లే అంత తేడా వచ్చే అవకాశమెంతో చెప్పే అంకె) కట్టి "తేడా లేదు" అని రాసుకోవడం నాకైతే వింతగానే ఉంటుంది.

పెద్దవాళ్లూ తప్పుతారు. ఆలివ్ నూనె, గింజలు తింటే గుండెకు మంచిదన్న స్పెయిన్ ట్రయల్ 2013లో పేరున్న పత్రికలో వచ్చింది, 7,447 మంది. ఒకచోట ఊరి క్లినిక్ మొత్తాన్ని ఒకే గుంపులో వేసేశారనీ, కొన్నిచోట్ల ఇంట్లో రెండోమనిషికి అసలు చీటీయే తీయలేదనీ బయటపడి 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ వేసి అచ్చేశారు.

మీ విలేఖరిని మళ్లీ ఆ పొడి వాళ్ల దగ్గరికి పంపి మూడు ప్రశ్నలు అడిగించండి. ఎవరు విడదీశారు? ఎవరు ఏ గుంపులో పడతారో ముందే తెలిసిపోయే వీలుందా? తూకం మొదటిరోజు ఎంత, ఏ బట్టలతో? జవాబులు రెండు లైన్లలో వేసినా సరే, ఆ పేపరు కటింగు ఇంకా నా టేబుల్ మీదే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, తెనాలి