స్లయిడ్‌లో లేని మాట హ్యాండవుట్‌లోకి ఎలా వస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక శిక్షణ సంస్థలో 11 ఏళ్లుగా కంప్యూటర్ ఆపరేటర్‌ని. క్లాసు చెప్పడానికి వచ్చేవాళ్లు పెన్‌డ్రైవ్ నా టేబుల్ మీద పెట్టి, ‘ఏమ్మా, ఈ స్లయిడ్లు కాస్త వర్డ్‌లోకి కన్వర్ట్ చేసి అందరికీ తలో కాపీ ఇచ్చేయ్’ అని హాల్లోకి వెళ్లిపోతారు. ఆ ‘కాస్త’ గురించే ఈ ఉత్తరం.

ఆఫీసు రికార్డుల నిర్వహణ మీద ఈమధ్య ఒక క్లాసు జరిగింది. 48 స్లయిడ్లు. నా చేతిలో ఉన్న టైమ్ గంట. పవర్‌పాయింట్‌లో ‘సేవ్ యాజ్’కి వెళ్లి అవుట్‌లైన్ ఆర్‌టీఎఫ్ అని ఎంచుకుంటే స్లయిడ్లలోని అక్షరాలు మాత్రం ఒక ఫైలుగా వస్తాయి, దాన్ని వర్డ్‌లో తెరవొచ్చు. అలాగే చేశాను. తెరిస్తే పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి! ఫైలు పోయిందనుకుని ఒక్క క్షణం కాళ్లూ చేతులూ ఆడలేదు. మొత్తం సెలెక్ట్ చేస్తే అప్పుడు కనిపించాయి అక్షరాలు. సార్ ముదురు నీలం మీద తెల్ల అక్షరాలు పెట్టుకున్నారు. నీలం స్లయిడ్‌లోనే ఉండిపోయింది, తెలుపు మాత్రం కాగితం మీదికి వచ్చింది. రంగు ఆటోమేటిక్‌కి మార్చి, సినిమా పోస్టర్ సైజులో ఉన్న అక్షరాలను 12కి దించేసరికి పావుగంట.

ఇది నాకు అలవాటే. అసలు తంటా తర్వాత వచ్చింది. క్లాసు మధ్యలో సార్ ‘ఏ రికార్డు ఎన్నాళ్లు ఉంచాలో ఆ టేబుల్ మీ హ్యాండవుట్‌లో ఉంది, చూసుకోండి’ అన్నారట. అందరూ పేజీలు తిప్పారు. ‘నిల్వ కాలం’ అని శీర్షిక ఉంది, దాని కింద ఏమీ లేదు. సార్ తలుపు తీసుకుని నా దగ్గరికి వచ్చి, ‘ఏమ్మా, టేబుల్ ఎగరగొట్టేశావేంటి?’ అని అందరికీ వినపడేలా అడిగారు.

నేను ఎగరగొట్టలేదండీ. అవుట్‌లైన్‌లోకి వచ్చేది, కొత్త స్లయిడ్ తెరవగానే ‘ఇక్కడ క్లిక్ చేసి టైప్ చేయండి’ అని కనిపించే గడుల్లోని అక్షరాలే. మనం విడిగా గీసుకున్న టెక్స్ట్ బాక్సులో రాసినవి రావు. టేబుళ్లు రావు, చార్టులు రావు, ఫొటోలు సరేసరి. స్లయిడ్ మీద చూస్తే మాత్రం ఏ అక్షరం ఏ గడిలో ఉందో తేడా తెలీదు. తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది, వ్యూ మెనూలో అవుట్‌లైన్ వ్యూ నొక్కాలి. ఎడమ పక్క స్లయిడ్ నంబరు, దాని పక్కన అక్షరాలు కనిపిస్తాయి. అక్కడ ఖాళీ ఉంటే కాగితం మీదా ఖాళీయే. ఆ రోజు తొందరలో నేను అది చూడలేదు. ఆ తప్పు మాత్రం నాదే, ఒప్పుకుంటాను.

‘ఎక్స్‌పోర్ట్‌లో క్రియేట్ హ్యాండవుట్స్ అని ఉంటుందిగా’ అని తెలిసినవాళ్లు అంటారు. ఉంటుంది. అందులో ఐదు రకాలు. స్లయిడ్ పక్కన నోట్స్ (అంటే స్లయిడ్ కింది గడిలో చెప్పేవాళ్లు తమకోసం రాసుకునేవి), పక్కన ఖాళీ గీతలు, కింద నోట్స్, కింద ఖాళీ గీతలు, చివరిది అవుట్‌లైన్ ఒక్కటే. మొదటి నాలుగింటిలో స్లయిడ్ బొమ్మ కూడా వస్తుంది కాబట్టి టేబుల్ పోదు. ఫైలు మాత్రం ఏనుగంత అవుతుంది, మెయిల్లో పంపబోతే మొరాయిస్తుంది. వినేవాళ్లు పక్కన రాసుకోవడానికే అయితే అసలు వర్డ్ దాకా రావక్కర్లేదు. ప్రింట్‌లో పేజీకి మూడు స్లయిడ్లు అని పెడితే పక్కన గీతలు అవే వస్తాయి.

నాకు ఇష్టమైనది స్లయిడ్ పక్కన నోట్స్ వచ్చే పద్ధతి. కానీ ఆ నోట్స్ ఎవరైనా రాస్తేగా! ఒకసారి అలా తీస్తే 48కి 47 గడులు ఖాళీ. మిగిలిన ఒక్క గడిలో ‘ఇక్కడ జోక్ చెప్పాలి’ అని ఉంది. చూసుకోకుండా 40 కాపీలు కొట్టేశాను. అందరూ ఆ పేజీ దగ్గరకొచ్చి జోక్ కోసం ఎదురుచూశారట.

పాత డీటీపీ ఫాంట్లతో తెలుగు టైప్ చేసుకొచ్చే పెద్దవాళ్ల సంగతి వేరే. ఆ ఫాంట్లలో ‘అ’ కనిపించే చోట లోపల దాగి ఉండేది ఏ ఇంగ్లిష్ అక్షరమో, ఏ గుర్తో. వర్డ్‌లో ఫాంట్ మార్చానో లేదో, పేజీ నిండా పిచ్చి గీతలు, కామాలు, డాలర్ గుర్తులు. ఫాంట్ మార్చినా తెలుగు తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో టైప్ చేసి తెస్తే ఈ గొడవ ఉండదు. ఇంతకంటే దాని గురించి రాస్తే ఈ ఉత్తరం మీరు వేయరు.

ఇవన్నీ బటన్ల తిప్పలు, ఎలాగో గట్టెక్కుతాం. గట్టెక్కలేనిది ఒకటుంది. అదే రికార్డుల క్లాసులో ఒక స్లయిడ్ మీద ‘పాత రికార్డులు – 3 ఏళ్లు – అనుమతి’ అని ఉంది. అంతే. ‘చదవడానికి వీలుగా వాక్యాలు చేయమ్మా’ అన్నారు కాబట్టి, ‘మూడేళ్లు దాటిన పాత రికార్డులను అనుమతితో తీసేయవచ్చు’ అని రాశాను. సార్ చెప్పింది అది కాదట. మూడేళ్లూ కచ్చితంగా ఉంచాలి, ఈలోగా బయటికి తీయాలంటే అనుమతి కావాలి. ఆ మూడు ముక్కలకి రెండు అర్థాలూ సరిపోతాయి, మీరే చూడండి. మాటను మాటతో కలిపేది సార్ నోట్లో ఉంది, ఫైల్లో లేదు. నేను చేసింది కన్వర్ట్ చేయడం కాదు, ఊహించడం. ఎవరైనా నా వాక్యం నమ్మి పాత ఫైళ్లు చించేసి ఉంటే?

స్లయిడ్‌నే రిపోర్టుగా చెలామణీ చేయడం ఎంతెంత పెద్దచోట్ల ఉందో ఒక మేడమ్ చెప్పాక తెలిసింది. 2003లో కల్పనా చావ్లాతో సహా ఏడుగురు చనిపోయిన కొలంబియా అంతరిక్ష నౌక ప్రమాదం మీద విచారణ జరిపిన బోర్డు, నాసాలో సాంకేతిక పత్రాలకు బదులు పవర్‌పాయింట్ స్లయిడ్లు వాడే అలవాటును తన నివేదికలో తప్పుపట్టిందట. ప్రమాదానికి అదే కారణమని కాదు. కానీ ముక్కలు ముక్కలుగా రాసిన స్లయిడ్‌లో ఏది ముఖ్యమో పైవాళ్లకు అందదని అక్కడివాళ్లే అంటే, నా 40 మందికి మాత్రం ఎలా అందుతుంది?

అందుకని క్లాసులు చెప్పేవాళ్లకి మీ పత్రిక ద్వారా నా మనవి. స్లయిడ్ కింద నోట్స్ గడిలో రెండంటే రెండు వాక్యాలు రాయండి, మీరు నోటితో ఎలా చెబుతారో అలాగే. జోకులు వేరే కాగితం మీద రాసుకోండి. టేబుల్‌ని ఫొటోలా అతికించకండి, అది మళ్లీ నేను మొదటి నుంచి కొట్టుకోవాలి. ఫైలు ఒక రోజు ముందు పంపితే, కాపీలు తీసే ముందు మీకోసారి చూపిస్తాను. అర్థం మారిన చోటు మీరైతే ఒక్క చూపులో పట్టేస్తారు.

ఈ ఉత్తరం టైప్ చేస్తుండగానే మెయిల్ ఒకటి వచ్చింది. ‘వర్డ్ కాపీ, 40 సెట్లు, రేపు పొద్దున్నకి.’ 71 స్లయిడ్లు. ఈసారి మాత్రం ముందు అవుట్‌లైన్ వ్యూ తెరిచాను. ఒకటో నంబరు పక్కన శీర్షిక, సార్ పేరు ఉన్నాయి. రెండు నుంచి 71 దాకా వట్టి నంబర్లే. సార్‌కి ఫోన్ చేస్తున్నాను, ఎత్తడం లేదు.

– ఒక కంప్యూటర్ ఆపరేటర్
(ఉద్యోగం ఉండాలి కాబట్టి పేరు వేయవద్దని మనవి)