వార్షిక నివేదిక: ఉప్పు తగ్గించిన చలికాలం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈసారి నివేదికలో ఎక్కువ భాగం ఉప్పు గురించే ఉంటుంది. మంచు కరగడానికి మన లైన్లలో, మెట్ల మీద, పార్కింగులో చల్లే ఉప్పు తగ్గించి ప్రత్యామ్నాయాలు చూడాలని పోయిన సర్వసభ్య సమావేశంలో మీరే తీర్మానించారు. దాని కోసం కార్యవర్గం ఏడుసార్లు కూర్చుంది. కోరం లేక మరో రెండుసార్లు వాయిదా వేయాల్సి వచ్చింది.

కొత్తగా చేరినవారి కోసం ఒక్క మాట. మంచు కరిగిపోయినా ఉప్పు ఎక్కడికీ పోదు. అందులోని క్లోరైడ్ మట్టిలో కలిసి విరిగిపోయేది కాదు, కాలవలోకో భూగర్భ జలాల్లోకో దిగి అక్కడే పేరుకుంటుంది. మంచినీటి జీవులు దీర్ఘకాలం తట్టుకోగల క్లోరైడ్ హద్దు లీటరుకు 230 మిల్లీగ్రాములని అమెరికా పర్యావరణ సంస్థ 1988లోనే చెప్పింది. చిన్న చెంచాడు ఉప్పు చాలు, సుమారు 15 లీటర్ల నీళ్లను ఆ హద్దు దాకా తీసుకెళ్తుంది. మనం మాత్రం బకెట్లతో కుమ్మరించేవాళ్లం.

ఉప్పుకు బదులు ఏం వాడాలని వెతికితే దేనికుండే తిరకాసు దానికుంది. కాల్షియం క్లోరైడ్ గట్టి చలిలో కూడా పనిచేస్తుంది, నీళ్లు తగలగానే వేడి పుట్టిస్తుంది. కానీ అదీ క్లోరైడే. కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ అనే రసాయనం ఇనుమును అంతగా తినదు. అయితే ఖరీదు ఉప్పుకు చాలా రెట్లు, మైనస్ 7 డిగ్రీలు దాటితే సరిగ్గా పనిచేయదు. యూరియా వాడదామని ఒకరిద్దరు సభ్యులు పట్టుబట్టారు. అది నీళ్లలో అమ్మోనియాగా మారి చేపలను చంపుతుంది కాబట్టి కార్యవర్గం ఒప్పుకోలేదు. బీట్ చక్కెర తీయగా మిగిలిన రసం గురించి చాలామంది ఆశగా అడిగారు. అది ఒక్కటే మంచును కరిగించడానికి చాలదు, ఉప్పునీటిలో కలిపితే రోడ్డుకు అంటిపెట్టుకుని ఉండేలా చేస్తుంది. ఎక్కువైతే కాలవలో కుళ్లి ఆక్సిజన్‌ను లాగేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోక్ కౌంటీలో జున్ను తయారీలో మిగిలే ఉప్పునీటిని రోడ్లకు వాడారు. వృథా పోయేది పనికొచ్చింది, సంతోషమే. కానీ కాలవకు చేరేది మళ్లీ ఉప్పే కదా.

అందుకే మేం మందు మార్చడం కంటే పద్ధతి మార్చడం మంచిదనుకున్నాం. ముందు పార, తర్వాత అవసరమైన చోటే ఉప్పునీరు, గట్టి చలిలో ఇసుక.

ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోవలసింది వాలు రోడ్డు మీద చేసిన ప్రదర్శన. మంచు పడుతుందన్న ముందురోజు సాయంత్రం 10 లీటర్ల నీళ్లకు 3 కిలోల ఉప్పు చొప్పున కలిపాం. ఆ పాళ్లు ముఖ్యం. సుమారు 23 శాతం ఉంటే ఉప్పునీరు మైనస్ 21 దాకా గడ్డకట్టదు, అంతకంటే చిక్కగా కలిపినా లాభం లేదు. తోటలో వాడే స్ప్రేయర్‌తో రోడ్డుకు సగం వరకే, గీతలు గీతలుగా కొట్టాం. రెండో సగం అలాగే వదిలేశాం. తెల్లవారి ఆరింటికి ముప్పైమంది దాకా వచ్చారు. స్ప్రే చేసిన వైపు పార మొన దూర్చగానే మంచు పెంకులా ఊడి వచ్చింది, కింద నల్లటి రోడ్డు కనపడింది. రెండో వైపు పార ఠంగుమని మోగింది తప్ప దిగలేదు. అక్కడ మామూలుగానే రాళ్లుప్పు చల్లాం, సగం ఎగిరి గడ్డిలో పడింది. చివరికి కాఫీ మగ్గుడు ఉప్పును పది పేవ్‌మెంట్ పలకల మీద పల్చగా చల్లి చూపించాం. అంతే చాలన్నది కళ్లతో చూస్తే తప్ప ఎవరూ నమ్మలేదు.

మైనస్ 14 పడిన వారం మాత్రం బాగా టెన్షన్ పెట్టింది. మైనస్ 9, 10 దాటాక పొడిగా చల్లిన మామూలు ఉప్పు దాదాపు పనిచేయదు. మెట్ల మీద చల్లింది గులకరాళ్లలా అలాగే ఉండిపోయింది. అప్పుడు ఇసుకే దిక్కయింది. ఇసుక మంచును కరిగించదు, కాలికి పట్టునిస్తుంది. కాకపోతే మంచు పోయాక ఊడ్చి ఎత్తాలి, లేకపోతే మురుగు కాలవలు పూడుకుపోతాయి.

ఆ ఊడ్చే రోజు గురించి చెప్పక తప్పదు. పేర్లిచ్చినవాళ్లు ఇరవై రెండుమంది, వచ్చినవాళ్లు అయిదుగురు. అందులో ఇద్దరు డెబ్బై దాటిన పెద్దలు. అంతకుముందు తెల్లవారుజామున పార పట్టే వంతుల్లోనూ ఇదే వరస. అర్ధరాత్రి దాటాక "రాలేను" అని మెసేజ్ పెడితే నాలుగింటికి ఇంకొకరిని ఎక్కడ వెతకాలి? మెయిన్ రోడ్డు చూసే అధికారులకు నాలుగు ఉత్తరాలు రాశాం, ఒక్కదానికీ జవాబు లేదు. మేం చెంచాలతో కొలిచి వాడుతుంటే వాళ్ల లారీ ఒక్క మూలమలుపులో దిబ్బడు ఉప్పు పోసి వెళ్లింది. ఫోటోలు తీసి ఫైల్లో పెట్టాం.

లెక్కలు ఆడిటర్ గారు చూసి సంతకం చేశారు, వాటి కాపీ నోటీసు బోర్డు మీద ఉంది. ఉప్పు ఖర్చు తగ్గింది, స్ప్రేయర్లకు, ఇసుక పెట్టెలకు పెరిగింది. మిగులు స్వల్పం. పోయినేడు కొన్న ఉప్పు బస్తాల్లో మూడో వంతుకు పైగా స్టోర్ రూములో కదలకుండా ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.

సొంత గ్యారేజీలో డ్రమ్ములు పెట్టుకోనిచ్చిన రెండో లైను దంపతులకు, రోడ్డు ఎంత చల్లగా ఉందో చూసేందుకు థర్మామీటర్ ఇచ్చిన కోశాధికారి గారికి (గాలి చలి వేరు, రోడ్డు చలి వేరు అని మాకు నేర్పిందీ ఆయనే), పోస్టర్లు వేసిన పిల్లలకు, ఆ ఉదయం వేడివేడిగా టీ తెచ్చిన మహిళా విభాగానికి, సామాను మోసిన యువజన విభాగానికి కార్యవర్గం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మర్చిపోయి ఉంటే క్షమించండి.

వచ్చే చలికాలానికి ప్రతి లైనుకు ఒక ఇసుక పెట్టె, ఒక స్ప్రేయర్ పెట్టాలని, తెల్లవారు వంతుకు ముగ్గురు చొప్పున ఉండాలని ప్రతిపాదిస్తున్నాం. సంతకాల పుస్తకం సమావేశం గుమ్మం దగ్గరే ఉంటుంది. లోపలికి వచ్చేముందే పేరు రాయండి, రాసినవాళ్లు దయచేసి రండి.

ఇట్లు,
కార్యదర్శి