మా లాన్‌లో గడ్డికి పేర్లు చెప్పిన సార్‌కీ, అక్కకీ

సైనిక్‌పురిలో మా ఇంటి ముందున్న లాన్‌ని మా మామయ్య గారు వేయించారు. కడియం నుంచి తెప్పించిన మెక్సికన్ గ్రాస్ పలకలను దగ్గరుండి పరిపించారు. ఆయన పోయి రెండేళ్లవుతోంది. అత్తయ్య ఇప్పటికీ పొద్దున్నే టీ కప్పుతో వెళ్లి అక్కడే కూర్చుంటారు. అందుకే ఈసారి వానలు మొదలయ్యాక ఆ లాన్‌లో ఏవేవో గడ్డులు పైకి లేస్తుంటే నాకు నిద్ర పట్టలేదు. లాన్లు వేసే ఒకాయన్ని పిలిస్తే నిలబడే చూసి, "అంతా కలుపేనమ్మా, గ్లైఫోసేట్ కొట్టి చంపేసి కొత్తది వేద్దాం" అన్నాడు. నేనూ సరే అన్నాను. ఆదివారం రమ్మన్నాను కూడా.

శనివారం సాయంత్రం మా వీధి చివర ఉండే సార్ గేటు దగ్గర ఆగారు. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. "ముందు అదేం గడ్డో తెలియాలి కదమ్మా, ఆ మందు మామయ్య గారి గడ్డిని కూడా వదలదు" అన్నారు. ఒక్కో రకం వేర్లతో సహా తీయించి, కడిగించి, పేపర్ మీద పరిచారు. ఆయన దగ్గర డెబ్బై దాటిన కళ్లు, ఒక భూతద్దం తప్ప ఇంకేమీ లేవు.

మొదట కాడని వేళ్ల మధ్య పెట్టి తిప్పమన్నారు. ఒకటి గుండ్రంగా తిరిగింది, మధ్య మధ్య కణుపులు తగిలాయి. ఇంకోటి తిరగలేదు, మూడు పలకలుగా ఉంది, కణుపే లేదు. "ఇది అసలు గడ్డి జాతే కాదు, తుంగ" అన్నారు. ఆ మాట వినగానే మా ఇంట్లో తోటపని చేసే అక్క దాని కింద మట్టి తవ్వి నల్లటి చిన్న గడ్డని తీసి, గోటితో గిల్లి నా ముక్కు దగ్గర పెట్టింది. సువాసన! మా అమ్మమ్మ సున్నిపిండిలో వేసే తుంగముస్తలు అవే. పాలమూరులో పత్తి చేలలో కలుపు తీసిన చేయి ఆమెది. "పైన పీకితే ఏం లాభం లేదమ్మా, కింద ఒకదానికొకటి గొలుసు లెక్క ఉంటయి" అంది. లారీలో తెప్పించిన ఎర్రమట్టితో పాటు ఆ గడ్డలు వచ్చి ఉంటాయని సార్ అన్నారు. పోయిన ఏడాది మేం మట్టి పోయించాం మరి.

గేటు దగ్గర బల్లపరుపుగా, మొదలు తెల్లగా నొక్కినట్టు ఉన్న గుబురు మనం తినే రాగుల మొక్కకి దగ్గరి చుట్టమట, శాస్త్రీయ నామం ఎల్యూసిన్ ఇండికా. పిల్లలు క్రికెట్ ఆడి తొక్కి తొక్కి గట్టిపడిన నేలలోనే అది బాగా వస్తుందట. గింజ పడకముందే పీకేసి, నేలని గుల్ల చేస్తే చాలన్నారు.

ఇక నన్ను అన్నింటికన్నా ఎక్కువ భయపెట్టింది, ఎండ పడే వైపంతా పాకి మెక్సికన్ గ్రాస్‌ని మింగేస్తున్నది. దాని కాడ చివర ఒకే చోటు నుంచి విచ్చుకున్న నాలుగు సన్నటి వేళ్లని సార్ భూతద్దంలో చూపించారు. దీని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్. గ్రీకులో డాక్టిలోస్ అంటే వేలు. అక్క అప్పటికే నవ్వుతోంది: "గరకమ్మా ఇది!"

గరక. పోయిన చవితికి మోండా మార్కెట్‌లో డబ్బులిచ్చి కొన్న గరక. పత్రిలో దూర్వాయుగ్మం అంటూ చేతిలోకి తీసుకున్నదాన్నే గుమ్మం ముందు గుర్తుపట్టలేక మందు కొట్టించబోయాను. మెక్సికన్ గ్రాస్ నెమ్మదిగా పెరుగుతుంది, గరకేమో నేల మీదా నేల లోపలా కూడా పాకుతుంది, అందుకే ఎండ ఉన్న చోట దానిదే పైచేయి. అత్తయ్య వచ్చి చూసి, "ఉండనీ" అన్నారు. ఎండ వైపు గరకని ఉంచేశాం. రెండింటి మధ్య ఇటుకల వరస లోతుగా పాతించాం.

తుంగతో మాత్రం పని అయిపోలేదు. అక్కా నేనూ ప్రతి శుక్రవారం తడి నేలలో జానెడు లోతు తవ్వి గడ్డలు ఏరుతున్నాం. నాలుగైదు ఆకులు రాకముందే తీసేస్తే కింద గడ్డలో బలం తగ్గుతూ వస్తుందని సార్ చెప్పారు. ఐదు వారాల్లో రెండు బకెట్లు నిండాయి, మొలకలు తగ్గాయి.

సార్, మీరు మూడు సాయంత్రాలు మోకాళ్ల నొప్పులతోనే నేల మీద కూర్చుని ఓపిగ్గా చెప్పారు. టీ తప్ప ఏమీ తీసుకోలేదు. అక్కా, నువ్వు ముందే చెప్పేదానివి, నేనే అడగలేదు. మీ ఇద్దరికీ మా అత్తయ్య తరఫున, నా తరఫున చేతులెత్తి నమస్కారం.

ఈ చవితికి మన వీధిలో ఎవరూ గరక కొనొద్దు. మందు కొట్టనిది, మా ఇంట్లో కావలసినంత ఉంది. పొద్దున ఆరింటికే గేటు తీసి ఉంటుంది.