మళ్ళీ బతుకమ్మ ఎత్తుకున్నాను – కృతజ్ఞతలు

నిన్న సద్దుల బతుకమ్మ. హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర రెండు చేతులతో బతుకమ్మను పట్టుకుని నిలబడ్డాను. పోయిన ఏడాది సద్దుల నాడు దిండు మీద చెయ్యి ఆనించుకుని పడుకుని, కిటికీలోంచి పాటలు విన్నాను. ఈ ఏడాదిలో నాకు ఆసరా అయినవాళ్ళకు నలుగురి ముందు దండం పెట్టుకోవాలని రాస్తున్నాను.

పోయిన ఏడాది మార్చిలో నా కుడి రొమ్ముకు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. తర్వాత కీమో, రేడియేషన్. నా ప్రాణం నిలబెట్టిన ఆ హైదరాబాద్ డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

కానీ నొప్పి మిగిలిపోయింది. చెయ్యి భుజం దాటి లేచేది కాదు. జడ మా బిడ్డ వేసేది. అన్నిటికంటే విచిత్రం, చంక కింద గిల్లినా తెలియదు, కానీ రవిక అంచు తగిలితే మాత్రం భగ్గున మండేది. ఒక చోట చూపించుకుంటే "ప్రాణం దక్కింది కదమ్మా, ఇంకా చేతి నొప్పి అంటావేంది" అన్నారు. ఆ మాటతో ఇంట్లో కూడా నొప్పి అని చెప్పడం మానేశాను. మా వదిన ఊరుకోలేదు. హనుమకొండలో ఒక మేడమ్ ఉన్నారని తెలుసుకుని, సంక్రాంతి పోగానే తీసుకుపోయింది. ఆవిడ చదివింది ఫిజియోథెరపీ, ఆ తర్వాత ఆస్టియోపతి నేర్చుకున్నారు. 1874లో అమెరికాలో ఆండ్రూ టేలర్ స్టిల్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి అది. మందులు ఉండవు, అంతా చేతులతోనే.

మొదటి రోజు మేడమ్ నన్ను ముట్టుకోనే లేదు. ఫైలు మొత్తం చదివి, మా క్యాన్సర్ డాక్టరుతో ఫోన్లో మాట్లాడారు. "ఎముకలకు పాకలేదని తెలిశాకే చెయ్యి వేస్తాను" అన్నారు. ఇంకో మాట కూడా సూటిగా చెప్పారు: "నా చేతులతో క్యాన్సర్ తగ్గదమ్మా. మీ మాత్రలు, చెకప్‌లు ఒక్కటి కూడా ఆపొద్దు. దీని మీద పరిశోధనలు ఇంకా తక్కువే. నొప్పి తగ్గి చెయ్యి కదిలేలా చూద్దాం." ఆ మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

రెండోసారి చెయ్యి పక్కకు చాపించి చంక నుంచి మోచేతి దాకా వేలితో తడిమారు. చర్మం కింద సన్నని తీగలు బిగుసుకుని ఉన్నాయి. మాది కొత్తవాడ, ఇంట్లో తివాచీలు నేస్తారు. మగ్గానికి బిగించిన పడుగు దారం ఎట్లుంటదో అచ్చం అట్లనే. నేను నరమేమో అని భయపడుతున్నాను ఇన్నాళ్ళూ. గ్రంథులు తీసిన తర్వాత కొందరికి ఇట్లా తీగలు కడతాయట. మంటకు కారణం వేరే, చంక మీదుగా చేతికి పోయే ఒక సన్న నరం ఆపరేషన్‌లో తెగడమో సాగడమో జరుగుతుందట. నా నొప్పికి ఒక కారణం ఉందని, అది ఉత్త భ్రమ కాదని విన్నప్పుడు అక్కడే ఏడ్చేశాను.

బలంగా నొక్కడం, ఎముకలు టక్కుమనిపించడం ఏమీ లేదు. రెండు వేళ్ళు కుట్ల మచ్చ మీద ఆనించి, చర్మాన్ని కాస్త పక్కకు జరిపి అట్లే పట్టుకునేవారు. ఇంకో అరచెయ్యి పక్కటెముకల కింద పెట్టి "ఇక్కడికి ఊపిరి రానియ్యండి" అనేవారు. ఆపరేషన్ అయినప్పటి నుంచి నిండుగా ఊపిరి తీసుకోవడమే మరిచిపోయానని అప్పుడు తెలిసింది. ఇంటి దగ్గర రోజూ గోడ మీద వేళ్ళను పైకి పాకించమన్నారు. ఎంతవరకు అందితే అక్కడ మా బిడ్డ పెన్సిల్‌తో గీత గీసి తారీఖు వేసేది. ఉగాదికి ఆ గీత స్విచ్ బోర్డు దాటింది. ఇప్పుడు నా తల దాటి పైకి పోయింది.

నొప్పి మొత్తం పోలేదు. ముసురు పట్టిన రోజు లాగుతుంది, చంక కింద ఇంకా మొద్దుగానే ఉంది. కానీ రాత్రిళ్ళు నిద్ర పడుతోంది. నాలాంటి ఆపరేషన్ అయిన అక్కలు, చెల్లెళ్ళు మీ డాక్టరును అడిగే ఇట్లాంటివాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చెయ్యి వాచినా, ఎర్రబడి జ్వరం వచ్చినా ముందు డాక్టరు దగ్గరికే పరుగెత్తండి.

వదినా, నువ్వు లేకపోతే నేను గడప దాటేదాన్ని కాదు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిసారీ "అక్కా, పట్టుకో" అని మెల్లగా పోనిచ్చిన ఆటో తమ్మీ, నువ్వు సల్లగుండాలె.

మేడమ్, రేపు దసరా. మీరు నాకంటే చిన్నవారే, అయినా జమ్మి తీసుకుని ముందు మీ ఇంటికే వస్తాను. ఈ చేత్తోనే పెడతాను.