పుల్లైసు గంట

తెనాలి,
మే 18

ఒరేయ్ సూరీ,

మొన్న "మావాణ్ణి క్రికెట్ కోచింగులో చేర్పించనురా, ఎందుకో నీకు తెలుసుగా" అని ఠక్కున ఫోన్ పెట్టేశావు చూడు, ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మళ్ళీ చేస్తే మాట తప్పిస్తావు. అందుకే కాగితం పట్టుకున్నా. దీన్ని మధ్యలో కట్ చెయ్యలేవు.

1997 వేసవి. కార్క్ బంతి, హెల్మెట్ మాటే లేదు, పిచ్ అంటే గొడ్లు తొక్కిన గట్టినేల. నువ్వు పరిగెత్తుకొస్తున్నావు. సరిగ్గా అప్పుడే పుల్లైసు బండివాడు గంట కొట్టాడు, నా చూపు అటు పోయింది. ఈ ముక్క నీకు ఇన్నేళ్ళూ చెప్పలేదు. బంతి కణతకి తగిలి వెల్లకిలా పడ్డా, తల వెనకభాగం నేలకి కొట్టుకుంది. తర్వాత మీ నాన్న స్కూటరు, ఐదు కుట్లు, మా అమ్మ ముందు నువ్వు నిలబడి ఏడవడం. నాలుగోరోజుకే మళ్ళీ బ్యాటు పట్టుకున్నా. ఇప్పుడు తలుచుకుంటే దానికే ఎక్కువ భయమేస్తుంది. మొదటి దెబ్బ నుంచి మెదడు తేరుకోకముందే రెండోది తగిలితే ప్రాణం మీదికే రావచ్చట.

కుట్లు మానిపోయాయి. పోయింది వాసన.

మొదట్లో జలుబనుకున్నా. ఆ ఏడాది తొలకరికి మీరంతా "అబ్బ, మట్టి వాసన" అంటుంటే నేనూ "అబ్బ" అన్నా. అలాంటి దొంగ అబ్బలు చాలానే అన్నాలే, పెళ్ళయ్యాక మల్లెపూలకి కూడా. ఒకరోజు గ్యాస్ లీకవుతుంటే స్టవ్ పక్కనే కూర్చుని తాపీగా పేపరు చదువుతున్నా. మా ఆవిడ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి రెగ్యులేటరు కట్టేసి, కిటికీలు తీసి, అప్పుడు తిట్టడం మొదలెట్టింది. గుంటూరు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందీ ఆవిడే.

ముక్కు పైకప్పు ఎముకకి జల్లెడలా చిల్లులుంటాయట. సన్నటి వాసన నరాలు వాటిలోంచే మెదడులోకి వెళ్తాయి. తల విసురుగా కుదిపితే లోపల మెదడు కదిలి ఆ పోగులు తెగుతాయి. "వస్తే మొదటి ఏడాదిలోనే రావాలి, ఇన్నేళ్ళయ్యాక ఆశ పెట్టుకోకండి" అన్నాడాయన. ఉప్పూ కారం పులుపూ తెలుస్తాయిరా, అవి నాలుక పని. తిరగమోత మాత్రం నాకు చిటపట చప్పుడే. వాటికి అలవాటుపడ్డా. అమ్మ పోయాక ఆవిడ చీర మొహానికి పెట్టుకుంటే ఏమీ లేదు చూడు, దానికి మాత్రం పడలేదు.

ఇదంతా నిన్ను ఏడిపించడానికి కాదు, ఆగు. నారీ కాంట్రాక్టర్ గుర్తున్నాడా? 1962లో మన జట్టు కెప్టెన్, అప్పటికి 28 ఏళ్ళు. బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకి తగిలి పుర్రె చిట్లింది, రోజుల తరబడి స్పృహ లేదు. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ వచ్చి రక్తమిచ్చాడు. మనిషి బతికాడు, మళ్ళీ రంజీలు కూడా ఆడాడు, టెస్టు మాత్రం ఇంకొక్కటి ఆడలేదు. తలలో పెట్టిన లోహపు పలకని 2022లో, 88 ఏళ్ళ వయసులో తీశారు. అరవై ఏళ్ళు మోశాడురా ఆ బంతిని! అంత మోసినవాడు గ్రిఫిత్‌ని ఏమీ అనలేదు. బంతి వచ్చేటప్పుడు పెవిలియన్‌లో ఎవరో కిటికీ తెరిచారు, నా చూపు చెదిరింది అన్నాడు. అది చదివి నేను లేచి కూర్చున్నా. నా పుల్లైసు బండి!

ఆయన తర్వాత కెప్టెన్ అయిన పటౌడీకి 21 ఏళ్ళు. అంతకు ముందు ఏడాదే ఇంగ్లండులో కారు ప్రమాదంలో అద్దం ముక్క గుచ్చుకుని కుడికన్ను చూపు దాదాపు పోయింది. ఒంటికంటితో బంతి దూరం అంచనా కట్టడమే కష్టం, ఆయన టెస్టుల్లో ఆరు సెంచరీలు కొట్టాడు. మనం ఇంటర్ రెండుసార్లు రాశాం.

మీవాడి సంగతి. చేర్పించు. ముందు మంచి హెల్మెట్ కొను, మెడ వెనక రక్షణ కూడా ఉన్నది చూడు. 2014లో బంతి దెబ్బకి చనిపోయిన ఆస్ట్రేలియా ఆటగాడు ఫిలిప్ హ్యూస్‌కి హెల్మెట్ ఉన్నా దాని కిందుగా మెడకే తగిలింది. తలకి దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బందు, "బానే ఉన్నా నాన్నా" అన్నా వినకు. 2019 నుంచి అంతర్జాతీయ మ్యాచుల్లోనే అలా తగిలినవాడి బదులు వేరేవాణ్ణి దించనిస్తున్నారు, మీ వీధి జట్టుకేం మహా!

నువ్వు ఆ రోజు నుంచి బౌలింగ్ మానేశావని మీ ఆవిడ చెబితేగానీ నాకు తెలీదు. వెధవా, ఒక్కసారి అడగొచ్చుగా? పుల్లైసు గంట సంగతి అప్పుడే చెప్పేవాణ్ణి.

ఆవకాయ జాడీ పంపుతున్నా. ఉప్పూ కారం నేనే చూశా, వాసన మా ఆవిడ చూసింది. మూత తియ్యగానే ఎలా ఉందో రాయి. "బావుంది" అని రాస్తే ఒప్పుకోను, పేజీడు రాయాలి.

నీ,
బాబ్జీ