గొట్టం దగ్గర కాదు, వంపు దగ్గర చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా ఊరి మురుగునీటి శుద్ధి కేంద్రం బాగా పనిచేస్తోందని, అది వదిలే నీళ్లు పరీక్షలన్నీ పాసయ్యాయని మీ పత్రికలో చదివాను. ఆ రిపోర్టు తప్పని నేను అనను. ముప్పై ఏళ్లు నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసి రిటైరైనదాన్ని. నా పేచీ అంకెలతో కాదు. శాంపిల్ ఎక్కడ పట్టారు, ఎన్ని గంటలకు పట్టారు అన్నదే నా గొడవ.

గొట్టం వాగులో పడేచోట, పొద్దున పదకొండు ప్రాంతంలో పడతారు. జీపు వచ్చేది అప్పుడే మరి. అక్కడ నీళ్లు తేటగా ఉంటాయి, వాసన కూడా రాదు. కేంద్రం కట్టకముందు ఊరి మురుగంతా నేరుగా వాగులోకే పోయేది, ముక్కు మూసుకుని గట్టు దాటేవాళ్లం. ఆ మేలు నేను మరిచిపోలేదు.

కానీ వాగు దెబ్బతినేది గొట్టం దగ్గర కాదు. నీళ్లలో మిగిలిన మలినాన్ని బ్యాక్టీరియా తింటూ, కరిగి ఉన్న ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. ఈలోగా నీళ్లు ముందుకు పోతూనే ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ బాగా పడిపోయే చోటు దిగువన ఎక్కడో వస్తుంది. అమెరికాలోని ఒహైయో నది మీద పనిచేసిన స్ట్రీటర్, ఫెల్ప్స్ అనే ఇద్దరు 1925లోనే దీన్ని లెక్కగట్టి చూపించారు. మా వాగులో ఆ చోటు వంపు తిరిగాక వచ్చే మడుగు.

దానికి తోడు నాచు. గాలి పంపి బ్యాక్టీరియా చేత మురుగును తినిపించే మామూలు పద్ధతిలో నైట్రోజన్, ఫాస్ఫరస్ పూర్తిగా పోవు. వాటికి వేరే ఏర్పాటు కావాలి. తేటగా కనిపించే నీళ్లలోనే కరిగి ఉండి, మడుగు చేరాక నాచుకి ఎరువవుతాయి. పగలు ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా తానే పీల్చుకుంటుంది. మధ్యాహ్నం దండిగా ఉండే ఆక్సిజన్ తెల్లారేముందు అడుగంటుతుంది. పదకొండింటి జీపుకి ఇది ఎలా దొరుకుతుంది?

పోయిన నెల నేనే 300 మిల్లీలీటర్ల గాజు సీసాలు రెండు కొనుక్కుని మడుగు దగ్గరికి వెళ్లాను. ఆక్సిజన్ ఉందో లేదో చూడాలంటే సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆ తర్వాత క్షారం కలిసిన అయొడైడు ద్రావణం వేయాలి. (మురుగు కలిసే నీళ్లకు అజైడ్ ఉన్న ద్రావణమే వాడాలి. లేకపోతే నైట్రైట్ వల్ల ఆక్సిజన్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కొత్త పిల్లలు ఇక్కడే తప్పు చేసేవాళ్లు.) ఆక్సిజన్ ఉంటే ముదురు గోధుమ రంగు మడ్డి దిగుతుంది, లేకపోతే తెల్లగానే ఉండిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి పట్టిన సీసాలో చిక్కటి గోధుమ రంగు. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి పట్టిన సీసాలో పాల విరుగుడులా తెల్లటి మడ్డి. టార్చి వేసి రెండుసార్లు చూసుకున్నాను. ఇంక ఆక్సిజన్ ఎంతుందో కొలిచే టైట్రేషన్ చేయాలనిపించలేదు. పక్కనే చిన్న చేపలు నోళ్లు పైకి పెట్టి గుటకలేస్తున్నాయి.

ఇంకోమాట. కేంద్రంలో మురుగు తొట్టికి గాలి పంపే బ్లోయర్ల చప్పుడు మా వరండాలోకి వినిపిస్తుంది. రాత్రి పదకొండు దాటాక ఒక్కోసారి ఆగిపోతుంది. కరెంటు పోయిందేమో అనుకుందామంటే మా ఇంట్లో ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. బిల్లు కోసం ఆపుతున్నారో, మోటారు వేడెక్కి ఆపుతున్నారో నాకు తెలియదు, అడిగితే చెప్పేవాళ్లు లేరు. గాలి అందకపోతే తొట్టిలోని బ్యాక్టీరియా పని ఆపేస్తుంది. మురుగులోని అమ్మోనియాని మార్చే రకం బ్యాక్టీరియాకి ముందే నిదానం, దెబ్బతింటే కోలుకోడానికి రోజులు పడుతుంది. ఈలోగా ఆ అమ్మోనియా అంతా వాగులోకే, చేపల మీదికే.

కేంద్రం మూసేయమని నేను అడగడం లేదు. నెలకొక్కసారి, సూర్యుడు రాకముందు, వంపు దగ్గర కూడా ఒక శాంపిల్ పట్టండి. అందులో ఆక్సిజన్, అమ్మోనియా ఎంతున్నాయో, ఆ నెలలో బ్లోయర్లు ఎన్ని గంటలు తిరిగాయో గేటు మీద బోర్డు పెట్టి రాయండి. పొద్దున్నే రావడానికి మనిషి లేడంటే నేను వస్తాను. సీసాలు కడిగి బోర్లించే ఉంచాను.

ఇట్లు,
రిటైరైన ల్యాబ్ టెక్నీషియన్, మీ పాఠకురాలు